ఒంటి తుమ్ముకు మార్కులు లేవు

మనిషి చేసిన పనికి పది మార్కులూ, ఆ పని చేసినందుకు అతడు పడే పశ్చాత్తాపానికి తొంభై మార్కులూ వేసే విద్యావిధానం కంటే నాగరికమైనది ఈ భూమండలం మీద మరొకటి లేదని నేను నిస్సంకోచంగా ప్రకటిస్తున్నాను. (ఇంతకాలం ఈ గౌరవం మతాలకు ఉండేది. కాని వాటికి అంతర్గత మూల్యాంకనం లేదు.)

గుంటూరులో నేను అరవై మూడో ఏట విద్యార్థినిగా చేరిన చలనచిత్ర కళాశాల ఈ విధానాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. డిప్లొమా పొందగోరేవారు నలుగురేసి జట్టుగా ఏర్పడి, ఒక థ్రిల్లర్ చిత్రానికి మొదటి రెండు నిమిషాలు తీయాలి. తరువాత ఆ రెండు నిమిషాల మీద ముప్పై పేజీల ఆత్మవిమర్శ సమర్పించాలి. చిత్రంలో మిగిలిన రెండు గంటలు ఏమయ్యాయని ఎవరూ అడగరు. అవి తీయలేదు కనుక వాటిపై పశ్చాత్తాపపడే అవకాశం లేదు.

నేను ఈ కళాశాలలో ఎందుకు చేరానన్న సందేహం పాఠకులకు కలగవచ్చు. ప్రధానోపాధ్యాయినిగా పనిచేసిన కాలంలోనూ, పదవీ విరమణ తరువాతా, తెలుగు సినిమాల తొలి సన్నివేశాల్లోని అసంబద్ధతను ఖండిస్తూ నేను పత్రికలకు లేఖలు రాస్తూ వచ్చాను. తలుపు బార్లా తెరిచి ఉండగా కథానాయకుడు కిటికీ అద్దం పగలగొట్టుకునే లోపలికి ఎందుకు రావాలి? ఇటువంటి మౌలికమైన ప్రశ్నలు. చివరికి ఒక పత్రికలోని కుర్ర ఉపసంపాదకుడు నా లేఖ కింద ఒక్క వాక్యం అచ్చు వేశాడు: "జయకుమారి గారూ, మీరే ఒకటి తీసి చూపించకూడదా?" అది వెటకారమని నాకు బోధపడేసరికి నేను ఫీజు కట్టేశాను.

నా జట్టులో మిగిలిన ముగ్గురి వయసులు కూడినా నా వయసుకు కొంచెమే ఎక్కువ. వినుకొండ పాస్టరుగారి అబ్బాయి ఫిలిప్ కెమెరా. మార్టూరులో గ్రానైటు పాలిష్ చేసే కార్మికుడి కొడుకు మాలిక్ హంతకుడు. (అతడి స్వభావాన్ని బట్టి కాదు, ఎత్తును బట్టి.) గుంటూరు అమ్మాయి హీనా ఎడిటరు. కథ, మాటలు, దర్శకత్వం నేను. హతురాలి పాత్ర కూడా నేనే. ఆ పాత్రకు కావలసిన గాంభీర్యం మరొకరిలో కనిపించలేదు.

హీనాకు చెవులున్నాయి. ఇది చిన్న ప్రశంస కాదు. కళాశాలలో చాలామందికి ఇయర్‌ఫోన్లు మాత్రమే ఉన్నాయి. పక్క గదిలో కుర్చీ జరిపితే దానికి ఎన్ని కాళ్ళు సరిగా ఆనలేదో ఆ అమ్మాయి చెప్పగలదు. విజయవాడలో ఒక స్టూడియోవారు ఆమె పని చూసి, ఎడిటింగు సహాయకురాలిగా తీసుకుంటామన్నారు. ఒకటే షరతు. డిప్లొమా ఉత్తీర్ణత పత్రం ఆత్మవిమర్శ గడువు తరువాతి సోమవారానికి చేతిలో ఉండాలి. లేకపోతే ఆ కుర్చీ మరొకరిది. మార్కులు జట్టుకంతటికీ కలిపి ఇస్తారు కాబట్టి, హీనా భవిష్యత్తు నా కళాదృష్టి మీద ఆధారపడి ఉన్నదని నేను ఆమెకు మొదటిరోజే భరోసా ఇచ్చాను. ఆ అమ్మాయి ఎందుకో సంతోషించలేదు.

నా కథ సరళమైనది. ఒక స్త్రీ చీకటి గోదాములోకి టార్చిలైటుతో ఒంటరిగా వస్తుంది. బస్తాల వెనుక హంతకుడు పొంచి ఉంటాడు. ఆమె నడుస్తుంది. అతడు కత్తి ఎత్తుతాడు. తెర మీద పేరు పడుతుంది. ఇదంతా సంపూర్ణ నిశ్శబ్దంలో జరుగుతుంది. భయానికి తల్లి నిశ్శబ్దమేనని ప్రపంచంలోని ఉత్తమ విమర్శకులందరూ రాశారు. వారిని నేను చదివాను. వారిలో ఒక్కరూ గుంటూరు మిరపగోదాములో అడుగుపెట్టినవారు కారన్న సంగతి అప్పట్లో నాకు ముఖ్యమనిపించలేదు.

హీనా తండ్రి ఖాదర్ వలి మిరపయార్డు దగ్గర ఒక కమిషన్ కొట్టులో గుమాస్తా. యజమానిని అడిగి, ఒక ఆదివారం గోదాము మాకు తెరిపించారు. లోపల నేల నుంచి కప్పు దాకా మిరపకాయల గోనెబస్తాలు, యార్డు భాషలో టిక్కీలు. తలుపు తీసిన మరుక్షణం మాలిక్ తుమ్మాడు. ఫిలిప్ తుమ్మాడు. కెమెరాకు ఆ సౌకర్యం లేదు కాబట్టి అది ఊరుకుంది.

నేను వెంటనే చిత్రీకరణ నియమావళి జారీ చేశాను. మూడవ నిబంధన: తుమ్ము నిషిద్ధం. మినహాయింపు కోరువారు దర్శకురాలికి ముందస్తుగా విన్నవించుకోవలెను.

"మేడం, తుమ్ము వస్తదని ముందే ఎట్టా తెలుస్తదండీ?" అన్నాడు మాలిక్, కళ్ళు తుడుచుకుంటూ.

"ప్రణాళికాబద్ధంగా జీవించేవారికి తెలుస్తుంది."

"రాతిపొడైతే ఎంతైనా పీలుస్తానండీ, పుట్టినకాణ్ణించీ అలవాటే. ఈ ఘాటు మాత్రం నా వల్ల కాదు."

"నేను గుంటూరులో పుట్టాను మాలిక్. ఈ మిరపకాయల మధ్యే పెరిగాను. నేను తుమ్ముతున్నానా?"

మధ్యాహ్నం దాకా ప్రతి టేకులోనూ హంతకుడు తన రాకను తుమ్ములతో ముందుగానే ప్రకటించాడు. ఖాదర్ వలి గారు తడిగుడ్డలు తెచ్చి ఇచ్చారు. ఎట్టకేలకు మాలిక్ ముక్కు అలసిపోయింది. నేను టార్చి పట్టుకుని నడిచాను. నా వెనుక అతడు నిశ్శబ్దంగా లేచాడు. కత్తి ఎత్తాడు. ప్రపంచ విమర్శకులందరూ కలలుగన్న ఆ క్షణంలో గోదాము దద్దరిల్లేటట్టు ఒక తుమ్ము వినిపించింది.

అది నాది.

నటి మధ్యలో ఆగకూడదన్న సూత్రం ప్రకారం, నేను కొంగుతో ముక్కు తుడుచుకుని ఫ్రేము దాటి వెళ్ళిపోయాను. ఫిలిప్ కెమెరా ఆపలేదు. ఆ తరువాత జరిగింది నేను మిగిలిన ముగ్గురితో కలిసి ఎడిటింగు గదిలో చూశాను. మాలిక్ ఎత్తిన కత్తిని దించాడు. చుట్టూ చూశాడు. ఒక టిక్కీ మీద కూర్చున్నాడు. కత్తి ఒడిలో పెట్టుకుని, నేను వెళ్ళిన వైపే చూస్తూ, బస్సు కోసం ఎదురుచూసే పెద్దమనిషిలా నిదానంగా కూర్చుండిపోయాడు.

"ఒరేయ్, ఎందుకు కూర్చున్నావురా?" ఫిలిప్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఒంటి తుమ్ము కదరా! మా ఇంట్లో గడప దాటేటప్పుడు ఎవరన్నా ఒక్క తుమ్ము తుమ్మితే కాసేపు కూర్చునే బయల్దేరతాం. అలవాటుగా కూర్చుండిపోయా."

"చంపటానికి పోయేవాడివి, నీకు శకునమేంటిరా?"

"చంపేటప్పుడే కదరా చూసుకోవాల్సింది! పెళ్ళిచూపులకన్నా పెద్దపని."

"నిజమేలే. మా నాన్న పాస్టరయ్యుండి, ఒంటి తుమ్ము వినపడితే గ్లాసుడు మంచినీళ్ళు తాగి గానీ ప్రార్థనకి బయల్దేరడు. అడిగితే దాహమేసిందంటాడు."

హీనా నవ్వలేదు. ఆ ముక్కను మళ్ళీ మొదటి నుంచి వేసింది.

"మేడం, ఇది ఉంచుదామండీ."

"ఏది?"

"మీ తుమ్ము. వాడు కూర్చోవడం. కత్తి ఎత్తినోడు పొడిచేస్తే అయిపోయింది, ఇంకేం చూస్తాం? వీడు కూర్చున్నాడు. శకునం పోయేదాకా ఆగుతున్నాడు. అంటే మళ్ళీ లేస్తాడు కదండీ. ఎప్పుడు లేస్తాడా అని మనం చూస్తూ ఉంటాం. నాకైతే వెన్నులో జలదరించింది."

నాకూ జలదరించింది. కాని అది ఎడిటింగు గదిలోని ఏసీ వల్లనని నిర్ధారించుకున్నాను. హీనాకు నేను ఇచ్చిన సమాధానం ఇరవై నిమిషాలు సాగింది. మూఢనమ్మకాలకు కళలో స్థానం లేదన్నాను. పాశ్చాత్య విమర్శకులను ఉదహరించాను. హతురాలి పాత్రకున్న గాంభీర్యాన్ని గుర్తుచేశాను. అసలు కారణం నేను చెప్పలేదు. తెర మీద తుమ్మేటప్పుడు నా ముఖం, బడిలో పిల్లలు నన్ను వెక్కిరిస్తూ బ్లాక్‌బోర్డు మీద గీసిన బొమ్మలన్నింటినీ ఏకకాలంలో పోలి ఉంది.

"తీసెయ్యి," అన్నాను.

"సరేనండి," అంది హీనా. తీసేసింది. ఎంత నేర్పుగా తీసిందంటే, అక్కడ తుమ్మన్నది ఒకటి ఉండేదని దేవుడు కూడా సాక్ష్యం చెప్పలేడు. మా చిత్రం నిశ్శబ్దంగా, గంభీరంగా, ఎవరికీ ఏమీ కలిగించకుండా ముగిసింది.

ఇక ఆత్మవిమర్శ. దీనిని 'అంతర్ముఖి' అనే పోర్టల్‌లో సమర్పించాలి. అది మన పశ్చాత్తాపాన్ని కొలిచి శాతంలో చెబుతుంది. అరవై వస్తే ఉత్తీర్ణత. జట్టు సభ్యులందరి ఫోన్లకూ ఓటీపీ వస్తుంది; నలుగురూ సమ్మతిస్తే తప్ప పశ్చాత్తాపం చెల్లదు. (ఒంటరిగా పశ్చాత్తాపపడే హక్కు ఈ రాష్ట్రంలో ఇంకా ఉన్నదో లేదో న్యాయనిపుణులు చెప్పాలి.)

మొదటి ప్రతి నేను రాశాను. గోదాములోని వెలుతురు గురించి, నటుల శ్వాసకోశ క్రమశిక్షణ గురించి, ప్రేక్షకుల అభిరుచి పతనం గురించి ముప్పై పేజీల్లో తీవ్రమైన విచారం వ్యక్తం చేశాను. పోర్టల్ ఆలోచించి జవాబిచ్చింది: "పశ్చాత్తాపం: పన్నెండు శాతం. ఇది ఆత్మవిమర్శ కాదు. పరవిమర్శ."

రెండో ప్రతి హీనా రాసింది. మిగతా పేజీల్లో ఎప్పుడూ రాసే మాటలే ఉన్నాయి. మొదటి పేజీలో మాత్రం ఇలా ఉంది: "మా చిత్రంలో నిజంగా భయపెట్టే క్షణం ఒక్కటే దొరికింది. అది అనుకోకుండా దొరికింది. దర్శకురాలి గారి తుమ్ము అది. దాన్ని మేమే తీసేశాం. అదే మా తప్పు."

శుక్రవారం సాయంత్రానికి గడువు. నా ఫోనుకు ఓటీపీ వచ్చింది. రాలేదని చెప్పాను.

"సిగ్నల్ లేదేమోనండీ, బయటికి వచ్చి చూడండి," అన్నాడు ఫిలిప్.

బయటికి వెళ్ళి చూశాను. అక్కడ కూడా వచ్చింది. అక్కడ కూడా రాలేదన్నాను. విమర్శకులందరినీ చదివిన స్త్రీ, కళలో నిజాయితీ లోపించిందని పత్రికలకు అన్ని లేఖలు రాసిన స్త్రీ, కళాశాల వరండా బయట ఫోనును పైటచెంగు కింద దాచుకుని నిలబడింది. హీనా నా దగ్గరకు వచ్చింది. "ఇక్కడ ఎండగా ఉందండీ, నీడలోకి రండి," అంది. ఫోను మోగిన ప్రతిసారీ ఆ చెవులు విన్నాయని అప్పుడు నాకు తెలిసింది. అంకెలు చదివి చెప్పాను.

పోర్టల్ ఈసారి ఎక్కువసేపు ఆలోచించింది. తెర మొత్తం ఎర్రబడింది. "పశ్చాత్తాపం: నూట నలభై శాతం. పరిమితి మించినది. నిర్దిష్టమైన తప్పు పేర్కొనబడినది. నిర్దిష్టమైన తప్పులు క్రమశిక్షణా విభాగం పరిధిలోకి వచ్చును. ఫలితం నిలిపివేయడమైనది."

హీనా ముఖంలో రంగు పోయింది. "సోమవారం మేడం..." అని మాత్రం అంది.

నేను ఆత్మపరిశీలనా విభాగాధిపతి డాక్టర్ జక్రయ్య గారి గదికి నడిచాను. హీనా నా వెనుక వచ్చింది. ఆయన లేచి నిలబడి నమస్కరించారు. ఒకప్పుడు నా తరగతిలో మూడో బెంచీ.

"మా చిత్రం చూశారా?" అని అడిగాను.

"చూడకూడదు మేడంగారూ. చూస్తే మీ ఆత్మవిమర్శ మీద మాకు దురభిప్రాయం ఏర్పడే ప్రమాదం ఉంది."

"నిజం రాస్తే ఫలితం నిలిపేశారు."

"నిజం రాయమని ఎవరన్నారండీ? పశ్చాత్తాపం రాయమన్నాం." ఆయన ఎంతో మర్యాదగా కుర్చీ చూపించారు. "మీకు గుర్తుందో లేదో, నేను మాట్లాడానని మీరు 'ఇకపై తరగతిలో మాట్లాడను' అని వందసార్లు ఇంపోజిషన్ రాయించారు. మాట్లాడింది నేను కాదు, పక్కవాడు. అయినా రాశాను. మీరు లెక్కపెట్టి 'గుడ్' అన్నారు. పశ్చాత్తాపాన్ని పేజీల్లో కొలవచ్చని నాకు తెలిసింది ఆరోజే. నా పీహెచ్‌డీ దాని మీదే."

ఇంతటి గురుదక్షిణను ఏ ముఖంతో స్వీకరించాలో నాకు తోచలేదు.

ఆయన బల్ల సొరుగులోంచి ఒక నమూనా తీశారు. పొన్నూరు ధాన్యం మిల్లు దగ్గర వర్షంలో థ్రిల్లర్ తీసిన పాత జట్టువారి ఆత్మవిమర్శ. "ఇది పెట్టండి. ఏటా డెబ్బై ఎనిమిది శాతం వస్తుంది. ఎక్కువా కాదు, తక్కువా కాదు."

"మేము వర్షంలో తీయలేదు సార్," అంది హీనా.

"తీయనందుకే కదమ్మా మరింత బాధపడాలి!"

గడువు ముగిసేలోపు మేము నలుగురం పడని వర్షానికి, తడవని గొడుగుకు, మేము ఎన్నడూ చూడని ఆ మిల్లులోని వెలుతురు లోపానికి పశ్చాత్తాపపడ్డాం. ఓటీపీ నాకు మొదటి మోతకే వచ్చింది. డెబ్బై ఎనిమిది శాతం. పైగా 'నిజాయితీ' అనే అంశం కింద ప్రత్యేక ప్రశంస. ధ్రువపత్రం ఇంట్లో గోడకు తగిలించాను. అది చూసినవారు వర్షం గురించి అడుగుతున్నారు.

హీనా సోమవారం విజయవాడ వెళ్ళి చేరింది. కిందటి వారం ఫోన్ చేసింది.

"పని ఎలా ఉందమ్మా?" అని అడిగాను.

"బానే ఉందండీ. పెళ్ళి వీడియోలూ, పెద్దవాళ్ళ ఉపన్యాసాలూ వస్తాయి. వాటిల్లో దగ్గులూ తుమ్ములూ ఉంటాయి కదండీ, అవన్నీ తీసేస్తుంటాను. రోజంతా అదే పని."

"నీకు ఆ పని ఎలా అప్పగించారు?"

"అనుభవం ఉందా అని అడిగారండీ. మీ పేరు చెప్పాను."