ఫ్లెక్సు మీది పంగాళీలు

నిశ్చయ తాంబూలాల రోజు పొద్దున పెరుమాళ్సామికి ఒకే పని మిగిలింది. కోవిల్‌పట్టిలో చుట్టి పెట్టిన ఫ్లెక్సును విరుదునగర్ తీసుకుపోయి, మగపెళ్ళివారి మండపం వాకిట్లో కట్టించాలి. నెల రోజులుగా ఆయన కూతురి పెళ్ళి గురించి కంటే ఈ ఫ్లెక్సు గురించే ఎక్కువ ఆలోచించాడు.

ఆయనకు బస్టాండు దగ్గర వేరుశనగ మిఠాయి దుకాణం, ఊరవతల కొంచెం నల్లరేగడి ఉన్నాయి. ఇంటిపేరు మొగలికుంట. ఆ పేరు ఆయన ఎప్పుడూ రాసింది లేదు. అరవనాట అలవాటు ప్రకారం రేషన్ కార్డు మీదా, దుకాణం బోర్డు మీదా తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఉండేది. సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఇంటిపేరు బయటికి వచ్చేది. ఒకే ఇంటిపేరువాళ్ళు పంగాళీలు, అంటే అన్నదమ్ముల వరస, వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. ఆ మాట చెప్పి అది మళ్ళీ లోపలికి పోయేది.

అలాంటి పేరు కిందటేడు టీవీలో ఒక ఆటగాడి వీపు మీద ఇంగ్లీషు అక్షరాల్లో పరుగెత్తింది. కూతురు ప్రియ చదివి చెప్పింది. సాకేత్ అనే ఆంధ్రా బ్యాట్స్‌మన్. పెరుమాళ్సామి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తనలో ఎవరూ తొంగిచూడని చీకటి గదిలో ఎవరో దీపం పెట్టినట్టయింది. తర్వాత కూతురి చేత ఫోనులో వెతికించాడు. అదే ఇంటిపేరుతో ఒక సినిమా గాయని, ఒక రిటైరైన జడ్జి దొరికారు. ఆ ముగ్గురూ మూడు జిల్లాలవాళ్ళు, ఒకరికొకరు ఏమీ కారు. పెరుమాళ్సామికి మాత్రం ముగ్గురూ దగ్గరివాళ్ళే.

"పిల్లా పిల్లోడూ యాడుండారు దీంట్లో?" అంది భార్య కృష్ణమ్మాళ్, ఫ్లెక్సు సగం విప్పి.

"కింద చూడు. జడ్జి గారి గుండీ పక్కన."

"ఆ జడ్జి వొచ్చి తాంబూలం మారుస్తాడా?"

"రాకుంటే ఏమి? మన మనిసి అని తెలిస్తే చాలదా? ఆ పిల్లోడి నాయన తిరుపతిసామి నన్ను చూసేటప్పుడంతా మిఠాయి కొనను వొచ్చినోడి మాదిరి చూస్తాడు. ఈ రోజు చూడనీ."

"నాయినా, వాళ్ళకి మనం ఉండేదే తెలీదు," అంది ప్రియ జడ అల్లుకుంటూ.

"నాకు తెలుసు గదామ్మా. రెండు పక్కలా తెలియాలని చట్టం ఉండాదా?"

ప్రియ ఇంక వాదించలేదు. పెళ్ళికొడుకు హరికృష్ణన్ ఆమె పనిచేసే బ్యాంకులోనే పనిచేస్తాడు. రెండేళ్ళుగా ఆమె మనసులో ఉన్నవాడు. అది పెద్దలు కుదిర్చిన సంబంధంలాగే కనిపించేటట్టు ఇద్దరూ ఎంతో ఓపికగా నడిపించుకొచ్చారు. ఈ పూట ఎవరూ దేన్నీ కదిలించకపోతే చాలు.

విరుదునగర్‌లో ఫ్లెక్సు కట్టగానే జనం దాని కింద చేరారు. ముఖాలు ఒక్కొక్కటీ వంటవాడి అండా అంత ఉన్నాయి. కింద "మా మొగలికుంట పంగాళీలు" అని అరవ అక్షరాలు. గంధం గిన్నెతో ఎదురువచ్చిన పెళ్ళికొడుకు తండ్రి తిరుపతిసామి, తల పైకెత్తి చూసి, గిన్నె పట్టుకునే నిలబడిపోయాడు.

సాకేత్ బొమ్మ ఆయన నూనె మిల్లులోనూ ఉంది, పటం కట్టి. "మా పంగాళి" అని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. చెప్పగా చెప్పగా ఆయనకే నమ్మకం కుదిరింది. అబద్ధం ఒకచోట ఎక్కువ కాలం కాపురముంటే దానికీ జ్ఞాపకం ముఖం వస్తుంది.

"ఏమప్పా తిరుపతీ," అన్నాడు కులపెద్ద మునియాండి, "ఈ సాకేతు మీ పంగాళి అని గదా చెప్తావుండావు?"

"ఔను."

"పెరుమాళ్సామీ, మీకూ పంగాళేనా?"

"ఫ్లెక్సే కట్టుండానే!"

"అట్లంటే మీరిద్దరూ పంగాళీలు. పిల్లోడూ పిల్లా అన్నా చెల్లెలు. తాంబూలం ఎట్ల మార్చేది?"

"వాళ్ళది ఆవులకొండ, మాది మొగలికుంట. పేర్లే వేరే గదా!" అంది కృష్ణమ్మాళ్.

"పేర్లు వేరే అయినా పంగాళీలు అయినోళ్ళు ఉండారమ్మా. ఎప్పుడో చీలిపోయినోళ్ళు."

ఇద్దరిలో ఒకరు "మా వాడు కాదు" అంటే అక్కడితో తీరిపోయేది. కానీ ఎదురుగా జనం ఉన్నారు. ఇంతకాలం మోసిన గొప్పను నలుగురి ముందు కింద పెట్టడం ఇద్దరికీ చేతకాలేదు.

"సాకేతుకి చెవులు కుట్టింది మా తాత ఒళ్ళోనే," అన్నాడు పెరుమాళ్సామి. సాకేత్ పుట్టకముందే తాత పోయాడని ప్రియకు తెలుసు.

"దీపావళికి మా ఇంట్లో పరోటా తినిపోయినాడు," అన్నాడు తిరుపతిసామి. ఆ దీపావళికి సాకేత్ ఆస్ట్రేలియాలో ఆడుతుంటే తండ్రి పక్కనే కూర్చుని చూసిన హరికృష్ణన్ నేల వైపు చూశాడు.

"అయితే ఫోన్ కొట్టండప్పా, ఆయన్నే అడిగేద్దాము," అన్నాడు మునియాండి.

"ఈ రోజు మ్యాచుంది, ఎత్తడు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ పొద్దున కాబోయే వియ్యంకులకు కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

ఈలోగా ఎవరో ఫ్లెక్సును ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. అది ఊళ్ళు తిరిగేసరికి సాకేత్ మండపానికే వస్తున్నాడని అయింది. ఏళాయిరంపన్నై నుంచి ఒక వ్యాను నిండా కుర్రాళ్ళు బ్యాట్ల మీద సంతకాలకు దిగారు. లోపల కుర్చీలు రెండు వరసలుగా విడిపోయాయి. నాదస్వరం ఆగింది. "అప్పళాలు వేయించేదా, వద్దా?" అని వంటవాడు గరిటెతో వచ్చి అడిగాడు. కోవిల్‌పట్టివాళ్ళు పిల్లల్ని చంకనెత్తుకుని చెప్పులు వెతుక్కోసాగారు.

ప్రియ ఏడవలేదు. అందరి ముఖాలూ వరసగా చూసింది. అరుస్తున్నవాళ్ళందరి మధ్య ఒక్క మనిషి మాత్రం గోడ పక్క కుర్చీలో నింపాదిగా ఆకు నములుతోంది. తిరుపతిసామి తల్లి అంగమ్మాళ్. భర్త పోయినామె కనుక శుభకార్యంలో తనే వెనక్కి జరిగి కూర్చుంది. ఆ నింపాది వయసు వల్ల వచ్చింది కాదనీ, పిడికిట్లో ఏదో దాచుకున్నవాళ్ళదనీ ప్రియకు అనిపించింది. వెళ్ళి ఆమె ముందు కూర్చుంది.

"అవ్వా, మీరు పుట్టిన ఇంటిపేరేమి?"

ముసలామె ఆకును దవడ పక్కకు నెట్టింది. "ఈ ఇంటికొచ్చినాక ఆ మాట అడిగింది నువ్వే మొదలు. మొగలికుంట."

మండపం చెప్పులు వెతకడం మానేసింది.

"మాది నాగలాపురం. కూడబుట్టినోళ్ళు లేరు, ఆ పేరు చెప్పుకోను నేనొకతినే మిగిలినాను. వీడు టీవీలో ఆ పేరు చూసినాడు. అమ్మ పుట్టింటోడు అంటే వీడికి తక్కువ. నాయన పంగాళి అని మార్చేసినాడు. మా వోణ్ణి తోలుకపోయి నా మొగుడింట్లో కట్టేసినాడు!"

"అమ్మా..." అన్నాడు తిరుపతిసామి.

"ఏమిరా అమ్మా? ఈ పిల్ల మొగలికుంట పిల్ల అనే గదా నేను శరి అన్నది? నా పుట్టింటి పిల్ల నా మనవడికి రాకుంటే ఇంకెవురికి వస్తాది?"

"ముందే చెప్పుండొచ్చు గదమ్మా!"

"అడిగితివా?"

మునియాండి వేళ్ళు మడిచి లెక్క కట్టాడు. అంగమ్మాళ్ పెరుమాళ్సామి ఇంటిపేరు ఆడపడుచు, అంటే ఆయనకు మేనత్త వరస. కనుక తిరుపతిసామి, పెరుమాళ్సామి బావలు. బావల పిల్లలకు పెళ్ళి కాక మరేం కావాలి? "శెక్కగా ఒచ్చే వరసప్పా ఇది!" అని ఆయన తొడ చరిచాడు. నాదస్వరం ఒక్క ఉదుటున లేచింది.

పెరుమాళ్సామి అంగమ్మాళ్ ముందుకు వచ్చి, "అత్తా," అన్నాడు.

ఆమె కళ్ళు చికిలించి చూసింది. "మా వోడే. నడిచొచ్చేటప్పుడే అనుకుంటి."

అండాలంత మూడు ముఖాలు ఇవ్వలేకపోయినది ఆ బోసినోరు ఇచ్చింది. పెరుమాళ్సామి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. రెండు వైపులా పెద్ద ఆమే కనుక ఇద్దరు మగవాళ్ళూ ఆమె కుర్చీని ఎత్తుకొచ్చి వేదిక నడిమధ్యన పెట్టారు. వెనక్కి జరిగే అవకాశం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. తాంబూలాలు ఆమె చేతుల మీదుగానే మారాయి. హరికృష్ణన్ ప్రియ వైపు చూసి, అవ్వ చూస్తోందని తల దించుకున్నాడు. అప్పళాలు నూనెలో పడ్డాయి. బ్యాట్ల కుర్రాళ్ళు కూడా పంక్తిలో కూర్చుని పాయసం రెండుసార్లు అడిగి తిన్నారు.

భోజనాలయ్యాక బావలిద్దరూ ఒకే ఫోనులో మ్యాచు పెట్టుకున్నారు. సాకేత్ మొదటి బంతికే అవుటయ్యాడు.

"మీ అమ్మ పుట్టింటోడు గదా బావా," అన్నాడు పెరుమాళ్సామి.

"ఫ్లెక్సు కట్టింది మీరు గదా," అన్నాడు తిరుపతిసామి.

ఆ క్షణం నుంచి సాకేత్‌కు కోవిల్‌పట్టిలో గానీ విరుదునగర్‌లో గానీ బంధువులు లేరు.