హాథర్‌షా బ్యాండు ఇటలీ జైత్రయాత్ర

హాథర్‌షా ఉన్నత పాఠశాల బ్యాండు ఇటలీలో మూడు ఊళ్ళను తన సంగీతంతో ముంచెత్తి క్షేమంగా ఇల్లు చేరిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ సంగతి ఇటలీ వారికి ఇంకా తెలియకపోవచ్చు. పెద్ద దేశం, కబురు పాకడానికి టైము పడుతుంది. బ్యాండు మిత్రమండలి కార్యదర్శిగా, రెండో ట్రాంబోన్ బాకా వాయించే హెటీకి కన్నతల్లిగా, యాత్రా విశేషాలు పదిమందికీ చెప్పే బాధ్యత నా మీద పడింది.

యార్క్‌షైర్ కొండల మధ్య ఉన్న మా ఊరికి బ్యాండు కొత్త కాదు. ఒకప్పుడు ఇక్కడ ప్రతి ఉన్ని మిల్లుకూ సొంత బ్యాండు ఉండేది. మిల్లులు పోయాయి, బ్యాండులు పోయాయి, వాటి తాలూకు గర్వం మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడా గర్వాన్ని నిలబెట్టే పని మా బడిలో సంగీతం చెప్పే గార్‌ఫోర్త్ మాస్టారొక్కరిదే. పిల్లలకు శ్రుతి, లయ పట్టుబడేదాకా వదలకూడదని ఆయన పట్టుదల. అందుకుగాను బడి ఆయనకు వారానికి ఒక గంట ఉదారంగా కేటాయించింది. పరీక్షల కాలంలో అది అరగంట అవుతుంది.

ప్రధానోపాధ్యాయురాలు శ్రీమతి పెంబర్‌స్టాట్ దూరదృష్టి గల మనిషి. సంగీతం గదిని ఖాళీ చేయించి, మెత్తటి దిండ్లు పరిచి, అక్కడ ‘మనశ్శాంతి కేంద్రం’ తెరవాలని ఆమె ఆశయం. అక్కడ సంగీతం ఆగితే చాలు, దిండ్లు లేకపోయినా మనశ్శాంతి వస్తుందని పక్క గదిలో లెక్కలు చెప్పే ఆయన సాక్ష్యం కూడా ఇచ్చారు. అయినా ఆమె తొందరపడలేదు. మాస్టారిని పిలిపించి, న్యాయంగా ఒక అవకాశం ఇచ్చారు.

"చూడండి గార్‌ఫోర్త్ గారూ, బ్యాండు ఇటలీ వెళ్ళి మెప్పు తెచ్చుకుంటే సెప్టెంబరులో పాలకమండలి మీ ఉద్యోగం గురించి ఆలోచిస్తుంది. లేదంటే నేను దిండ్లకి ఆర్డరు పెట్టేస్తాను."

"ఇటలీయే ఎందుకు మేడం? పక్క ఊళ్ళో మెచ్చుకున్నా మెప్పు మెప్పేగా?"

"పక్క ఊరి మెప్పు బడి బ్రోషర్‌లో ఏం బాగుంటుందండీ!"

మాస్టారు తలూపి వచ్చేశారు. ఆయనకు ఈ ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు, ఈ పిల్లలు తప్ప వేరే లోకమూ లేదు. ఆయన పోతే ఊళ్ళో పిల్లలకు బాకా పట్టుకోవడం నేర్పే మనిషే ఉండడు. ఇది అందరికీ తెలుసు. అందుకే యాత్ర విజయవంతం కావాలని అందరం గట్టిగా పూనుకున్నాం.

మా దేశంలో మంచి పనులకు చందాలు పోగుచెయ్యడానికి ఒక పద్ధతి ఉంది. పిల్లలు రోజంతా నోరు మెదపకుండా, చప్పుడు చెయ్యకుండా కూర్చుంటారు. అందుకు మెచ్చి పెద్దలు తలా ఇంత ఇస్తారు. బ్యాండు కోసం కూడా ఆ మౌనవ్రతమే పెట్టించాం. ఊరు ఊరంతా కదిలివచ్చింది. బ్యాండు కచేరీకి జన్మలో రానివాళ్ళు బడి గేటు దగ్గర వరుస కట్టారు. బడి వెనక వీధివాళ్ళయితే వ్రతాన్ని ఇంకో వారం పొడిగించే పక్షంలో రెట్టింపు ఇస్తామన్నారు. కళ పట్ల మా ఊరికి ఉన్న ఆదరణ చూసి శ్రీమతి పెంబర్‌స్టాట్ కళ్ళు తుడుచుకున్నారు. మాస్టారు మాత్రం ఎందుకో కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

తర్వాత జాగ్రత్తలు. ఇటలీలో పిల్లలకు పొంచి ఉన్న ప్రమాదాలన్నీ ఒక పత్రంలో పొందుపరిచాం. ఎండ, పావురాలు, పాత గోడలు, ఐస్‌క్రీము, అపరిచితులు. ఇటలీలో అందరూ అపరిచితులే కాబట్టి ఆ భాగం పెద్దదైంది. ఎంత ఎండైనా బడి పరువు కోసం ఉన్ని కోటు, మెడకు టై తప్పనిసరి చేశాం. రాత్రి తొమ్మిదికి కోకో, తొమ్మిదింబావుకు నిద్ర. తల్లిదండ్రులందరం సంతకాలు పెట్టాం.

ప్రయాణం రోజున బస్సులో చోటు చాలలేదు. ఉడికించిన బీన్సు డబ్బాలు, అట్టపెట్టెల్లో ఉదయం ఫలహారాలు, నెలకు సరిపడా టీ పొట్లాలు ఎక్కించేసరికి పెద్ద డ్రమ్ములు రెండూ కింద మిగిలిపోయాయి. మాస్టారు వాటి పక్కన నిలబడి బతిమాలారు. పరాయి దేశంలో డ్రమ్ము లేకపోయినా నెట్టుకురావచ్చు గానీ, టీ లేకపోతే ఎలా? ఆ మాటే ఆయనకు నచ్చజెప్పాం. పిల్లలు తల్లిదండ్రులకు దూరంగా, స్వతంత్రంగా మెలగడం నేర్చుకోవాలన్నది ఈ యాత్ర ముఖ్యోద్దేశం. వాళ్ళెలా నేర్చుకుంటున్నారో చూడటానికి మేమందరం విమానంలో వెళ్ళి వాళ్ళకంటే ముందే దిగాం.

కచేరీ వేళలు మిత్రమండలి నిర్ణయించింది. మనిషన్నవాడు పన్నెండున్నరకు భోంచేస్తాడు. ఒంటిగంటకు గిన్నెలు కడిగేసుకుంటాడు. రెండింటికి సంగీతానికి సిద్ధంగా ఉంటాడు. హాథర్‌షాలో ఇది ఏనాడూ తప్పలేదు. కనుక మొదటి కచేరీ శాన్ వెరానో ఊరి కూడలిలో, జూలై నెల మధ్యాహ్నం రెండింటికి పెట్టాం.

కూడలిలో మేము, మా పిల్లలు, ఒక పిల్లి. దుకాణాలన్నీ కట్టేసి ఉన్నాయి. కిటికీలన్నిటికీ చెక్క రెక్కలు బిగించి ఉన్నాయి. ఇది వీళ్ళు భోంచేసి పడుకునే వేళనీ, రాత్రి తొమ్మిది దాటాక గానీ వీధిలోకి రారనీ బస్సు డ్రైవరు చెప్పాడు. పట్టపగలు పడుకునే ఊరు ఉంటుందా అని మేము నవ్వుకున్నాం. శ్రీమతి పెంబర్‌స్టాట్ మెట్టెక్కి, మూసిన కిటికీల నుద్దేశించి ప్రసంగించారు.

"ఇటలీ ప్రజలారా! మీరు చూపిన ఘనస్వాగతానికి మా హృదయపూర్వక కృతజ్ఞతలు. సంగీతానికి ఎల్లలు లేవు. మా బడి దార్శనికతకూ ఎల్లలు లేవు."

పిల్లి లేచి నీడలోకి వెళ్ళింది. బ్యాండు మొదలైంది. ఇత్తడి వాద్యాలు వేడెక్కి పెదవులు చురుక్కుమంటున్నాయి. ఉన్ని కోట్లలో ఇద్దరు పిల్లలు స్పృహ తప్పారు; పద్ధతైన పిల్లలు, పాట మధ్య విరామం దాకా ఆగి మరీ పడ్డారు. మేము ఫోన్లెత్తి ముందుకు వెళ్ళి వీడియో తీయడంతో వెనక వరుసలవాళ్ళకు మాస్టారి చెయ్యి కనిపించలేదు. అందువల్ల ఒక్కో వాద్యం ఒక్కో సమయంలో పాట ముగించింది. మేము దేనికది విడివిడిగా చప్పట్లు కొట్టాం.

"అమ్మా, అస్సలు బాలేదు కదా?" అంది హెటీ చెమట తుడుచుకుంటూ.

"అద్భుతం బంగారం!"

"మధ్యలో నేను వేరే పేజీ వాయించానమ్మా."

"అన్నిటికన్నా అదే బాగుంది."

హెటీ నా వంక అదోలా చూసి బస్సెక్కింది. ఎండదెబ్బ అనుకున్నాను.

రెండో కచేరీ మొంతెలూపాలో సాయంత్రం అయిదున్నరకు. మేము రాత్రి భోజనానికి కూర్చునే ముందు అన్నమాట. అప్పటికి అక్కడివాళ్ళు ఇంకా పనుల్లోనే ఉన్నారు. ఒకాయన మాత్రం వచ్చాడు. మా వాద్యాల పెట్టెలు ఆయన గ్యారేజీ తలుపుకు అడ్డంగా ఉన్నాయట. చేతులు తిప్పుతూ, గొంతు పెంచి చాలాసేపు మాట్లాడాడు. శ్రీమతి పెంబర్‌స్టాట్ ఆయన చేతిలో పూలగుత్తి పెట్టి ఫొటో తీయించారు. ‘స్థానిక ప్రముఖులొకరు పరవశించి ప్రసంగించారు’ అని నివేదికలో నేనే రాశాను. ఆయన ముఖం ఎర్రబడి ఉండటం ఫొటోలో కూడా తెలుస్తుంది.

మూడో ఊరు పొంతెగ్రానో. మళ్ళీ రెండింటికే. రెండో పాట సగంలో ఉండగా పైన ఒక కిటికీ ధడాలున తెరుచుకుంది. కాసేపటికి ఆ ఊరి మందుల దుకాణం యజమానురాలు ఎర్సీలియా గారు ఇంటి చెప్పులతోనే కిందికి దిగి వచ్చారు. ఆమెకు మా ఇంగ్లీషు బాగానే వచ్చు.

"ఎవరు పోయారయ్యా?" అని అడిగారు మాస్టారిని.

"ఎవరూ పోలేదండీ. కచేరీ."

"ఈ వేళప్పుడా? ఎవరి కోసం?"

మాస్టారు చుట్టూ ఒకసారి చూశారు. మేము చెయ్యి ఊపాం.

"ఈ ఊరి బ్యాండు నడిపేది నేనే," అన్నారామె. "అదుగో, ఆ ట్రాంబోన్ పిల్లకి ఊపిరి బాగుంది. కానీ పక్కవాడు ఏం వాయిస్తున్నాడో వినిపించుకోదు. ఒక్క తనే ఏంటి, ఎవరూ వినట్లేదు. రాత్రి తొమ్మిదిన్నరకి ఇక్కడికే తీసుకురా, మాతో కూర్చుంటారు. అప్పుడు మనుషులు కూడా ఉంటారు. ముందా కోట్లు విప్పించవయ్యా, పిల్లలు ఉడికిపోతున్నారు!"

మాస్టారు ప్రధానోపాధ్యాయురాలి దగ్గరికి పరుగున వచ్చారు. ఆయన అలా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

"తొమ్మిదింబావుకి నిద్ర," అన్నారావిడ. "పత్రంలో ఉంది. అందరూ సంతకాలు పెట్టారు."

"ఒక్క రాత్రి మేడం. ఒక్కసారి వీళ్ళని నిజంగా వినేవాళ్ళ ముందు వాయించనివ్వండి."

"అయితే మేమెవరమండీ?" అన్నారావిడ నొచ్చుకుని. మేమందరం కూడా నొచ్చుకున్నాం.

ఆ రాత్రి హెటీ కోకో తాగలేదని తెలిసి, కప్పు పట్టుకుని ఆమె గదికి వెళ్ళాను. మంచం ఖాళీ. పక్క గదులూ ఖాళీయే. బస రెండు వీధుల అవతలే కాబట్టి కప్పుతో సహా కూడలికి బయల్దేరాను.

మధ్యాహ్నం చచ్చినట్టున్న ఊరు ఇదేనా అనిపించింది. చంటిపిల్లల నుంచి ముసలమ్మల దాకా అందరూ కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. ఊరి బ్యాండు మధ్యలో మా పిల్లలు, కోట్లు లేకుండా. హెటీ పక్కన పెద్ద మీసాల ట్రాంబోన్ మనిషి. మా మాస్టారు చివర్న కూర్చుని కార్నెట్ అనే చిన్న బాకా వాయిస్తున్నారు. మొదటి పాట సగంలోనే చెదిరిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు! పైగా వెనక నుంచి ఒక ముసలాయన, "మళ్ళీ! మొదటి నుంచి!" అని అరిచాడు, ఎర్సీలియా గారు దాన్ని ఇంగ్లీషులో చెప్పారు. అందరూ నవ్వారు. మా పిల్లల్ని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అంత మాట అనలేదు. నాకు ఒళ్ళు మండి ముందుకు వెళ్ళబోయాను.

అంతలో మళ్ళీ మొదలుపెట్టారు. హెటీ ఈసారి పక్కాయన వంక చూసింది. ఆయన మోకాలి మీద వేలితో తాళం వేస్తున్నాడు. హెటీ ఆగింది. నా కూతురు ఒకరి కోసం ఆగడం నేను చూడటం అదే మొదలు. తన వంతు రాగానే అందుకుంది. అది మా హెటీ ఊపిరేనా అనిపించేంత నిండుగా, మెత్తగా వచ్చింది ఆ స్వరం. అన్ని వాద్యాలూ కలిసి ఒక్కసారే ఆగాయి. ఊరంతా ఒక్కసారిగా కేకలు, చప్పట్లు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. కళ్ళెందుకలా ఎర్రబడ్డాయని మర్నాడు మిత్రమండలి అడిగితే ఎండవల్ల అని చెప్పాను.

తిరిగి వచ్చేటప్పుడు హెటీ నా చెయ్యి పట్టుకుంది. "మొదటిసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, చూశావా అమ్మా?"

"చూశాను బంగారం. మనసులో పెట్టుకోకు."

"అది కాదమ్మా. తప్పు వాయిస్తే తప్పని చెప్పారు కదా! అందుకే రెండోసారి కొట్టినప్పుడు నమ్మబుద్ధేసింది."

సెప్టెంబరులో పాలకమండలి సమావేశం జరిగింది. నివేదిక నేనే చదివాను. మూడు కచేరీలు, మూడు ఊళ్ళు, ఆద్యంతం ఎడతెగని చప్పట్లు. నాలుగో కచేరీ ఆమోదం లేకుండా జరిగింది కనుక జరిగినట్టు రాయడానికి వీల్లేకపోయింది. అది క్రమశిక్షణ శాఖ కింద వేరేగా నమోదైంది: నిద్రవేళ అతిక్రమణ, కోట్లు లేకపోవడం, అపరిచితుల మధ్య కూర్చోబెట్టడం, వాళ్ళిచ్చిన ఐస్‌క్రీము తినడం, ఆపైన పరాయివాళ్ళు పిల్లల్ని పదిమందిలో ‘మళ్ళీ వాయించండి’ అని కించపరుస్తుంటే మాస్టారు నవ్వుతూ చూడటం.

అధ్యక్షులు కౌన్సిలర్ క్రౌథర్‌బిన్స్ గారు లేచారు. "మన బ్యాండు అంతర్జాతీయ స్థాయిని అందుకుంది. ఇది సామాన్య విజయం కాదు! ఇంత ఎత్తుకు చేరినవాళ్ళకి ఇంకా సంగీతం నేర్పాలనుకోవడం వాళ్ళని అవమానించడమే. కనుక సంగీతం మాస్టారి పదవిని గౌరవప్రదంగా ముగిస్తూ, అలా మిగిలే జీతం సొమ్ముతో వచ్చే ఏడాది బ్యాండుని ఆస్ట్రియా పంపాలని ప్రతిపాదిస్తున్నాను."

ఆస్ట్రియా అనగానే చేతులు లేచాయి. నా చెయ్యి కాస్త ఆలస్యంగా లేచింది గానీ లెక్కలోకి వచ్చింది. మాస్టారు వెనక వరుసలో కూర్చుని ఉన్నారు. ఆయన చేసిన సేవలకు గుర్తుగా ఒక టీ కప్పు బహూకరించాం. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని, ఏం చెయ్యాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకున్నారు.

అప్పుడు విద్యార్థుల తరఫున వచ్చిన హెటీ లేచి నిలబడింది.

"సార్ వెళ్ళిపోతే, మేం తప్పు వాయించినప్పుడు మాకు చెప్పేదెవరండీ?"

కౌన్సిలర్ గారి ముఖం వెలిగిపోయింది. "తప్పా? మీరా? ఎంత వినయం తల్లీ నీకు! మిమ్మల్ని తప్పుపట్టే ధైర్యం ఎవరికుందమ్మా, మేమంతా లేమూ?"

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టాం. చాలాసేపు కొట్టాం. చప్పట్లు ఆగి అందరం టీకి లేచేదాకా హెటీ కూర్చోకుండా అలాగే నిలబడి ఉంది. కాబట్టి, విద్యార్థులు లేచి నిలబడి తమ సంపూర్ణ హర్షామోదాలు తెలియజేశారని రాసుకున్నాను.