మా అంబాసిడర్‌కి బోటు ఆయిలు

డిసెంబరు పొద్దున ఒక్క తిప్పుకే స్టార్టయ్యే డీజిలు కారు సంఘద్రోహి! మీరు కోప్పడినా సరే, నేనీ మాట వెనక్కి తీసుకోను.

మా మధురవాడ కాలనీనే చూడండి. ఎదురింటివాళ్ళకీ పక్కింటివాళ్ళకీ కుళాయి దగ్గర గొడవైన దగ్గర్నుంచీ మాటల్లేవు. మా పాత అంబాసిడర్ పుణ్యమా అని ఈ చలికాలం ఇద్దరూ తెల్లారగానే పక్కపక్కన నిలబడి డిక్కీకి భుజాలు ఆనించారు. స్టీల్‌ప్లాంటులో రిటైరైన కృష్ణంరాజుగారు డాక్టరు నడవమంటే నడవలేదు. అలాంటాయన మఫ్లరు చుట్టుకుని కారు వెనక పరిగెత్తారు! ఏ యోగా మాస్టారు చేయించగలడండీ ఇంత పని?

ఈ భాగ్యం మాకు మా బావమరిది అప్పలసూరి వల్ల పట్టింది. అతనికి ఫిషింగ్ హార్బరులో మరబోటుంది. దీపావళి వెళ్ళాక బోటు ఇంజనులో పోసే ఆయిలు పెద్ద డబ్బాడు తెచ్చి మా గుమ్మంలో దించాడు.

“ముసిలి ఇంజనుకి సిక్కటాయిలే బలం బావా! సముద్రం మీద బోటునే లాగేత్తంది, నీ కారొక లెక్కేటి?” అన్నాడు.

వేటకెళ్ళిన బోటు ఇంజను ఆగకుండా తిరుగుతుంది, దానికి చల్లారే తీరికే ఉండదు. మా కారు రాత్రంతా మంచులో పడుకుంటుంది కదా అని నాకు అనుమానం రాకపోలేదు. కానీ బావమరిది ప్రేమగా తెచ్చింది వద్దంటే ఇంకేమైనా ఉందా? పోయించేశాను. చలి ముదిరేసరికి ఆ ఆయిలు బెల్లం పాకమైంది. తాళం తిప్పితే ఇంజను మూలుగుతుంది తప్ప తిరగదు.

మా ఆవిడ సత్యశ్రీ ద్వారకా నగర్‌లో ఒక కాలేజీలో టెంపరరీ లెక్చరరు. సోమవారం ఎనిమిదింటికి పర్మనెంటు పోస్టుకి ఇంటర్వ్యూ. “ఆ ఆయిలు తీయించి పల్చటిది పోయించండి బాబూ! లేటుగా వెళ్తే ఇంకొకరికి ఇచ్చేస్తారు” అని మొత్తుకుంది. డబ్బా మీద అంకె పక్కన డబ్ల్యూ ఉంటే అది వింటరనీ, ఆ అంకె తగ్గేకొద్దీ చలిలో ఆయిలు తొందరగా పారుతుందనీ చదివి మరీ చెప్పింది.

“విశాఖపట్నానికి వింటరేటమ్మా! ఫ్యాను రెండు నంబర్లు తగ్గిస్తే అదే మన వింటరు” అని కృష్ణంరాజుగారు కొట్టిపారేశారు. నిజమే కదా! పాల దగ్గర్నుంచి పప్పు దాకా చిక్కదనాన్నే నమ్ముకున్న జాతి మనది. ఇంజనుకి మాత్రం నీళ్ళచారు పోస్తామా?

సోమవారం రానే వచ్చింది. సత్యశ్రీ గంజి చీర కట్టుకుని వెనక సీట్లో కూచుంది. కాలనీ యావత్తూ దిగి హైవే దాకా తోసింది. ఇంజను కిక్కురుమనలేదు! “ఇంకా చిక్కటిది పొయ్యాలండీ” అన్నారు కృష్ణంరాజుగారు, ఆయాసపడుతూనే.

అదృష్టం బాగుండి, ఆనందపురంలో చేపలు దించేసి ఊళ్ళోకి తిరిగెళ్తున్న అప్పలసూరి మమ్మల్ని చూసి వ్యాను ఆపాడు. మా అంబాసిడర్ కంటే ముసలిది ఆ వ్యాను. సత్యశ్రీ గబగబా దిగి తమ్ముడి పక్కన ఎక్కింది. అతను తాళం తిప్పాడో లేదో, బుర్రున స్టార్టయింది!

“తెల్లారగట్ల చలిలో ఇది ఇంటి దగ్గర ఎలా కదిలిందోయ్?” అన్నాను, నోరు వెళ్ళబెట్టి.

“దీనికి పలసటాయిలేసినాను బావా. బోటాయిలేత్తే పొద్దున్న లెగుత్తాదేటి? సేపలు పాడైపోవూ!”

సత్యశ్రీ తమ్ముడి వంక నిదానంగా చూసింది. “అయితే అక్క ఉద్యోగం చేపల పాటి చెయ్యదన్నమాట. ముందు పోనీరా. నీ సంగతీ మీ బావ సంగతీ సాయంత్రం చెప్తాను” అంది.

చీరకి చేపల వాసనతో వెళ్ళినా టైముకి వెళ్ళింది, ఉద్యోగం తెచ్చుకుంది. సాయంత్రం మా ఇద్దరికీ ఏం చెప్పిందో అచ్చులో వేయడానికి వీల్లేదు.

అయినా నా సిద్ధాంతం మారలేదు. చలికి మొరాయించే కారు సంఘానికి మహా మేలు. కాకపోతే అది పక్కవాడి కారై ఉండాలి. మీలో ఎవరికైనా ముసలి డీజిలు బండి ఉంటే కబురు చెయ్యండి. మా కారులోంచి తీయించిన చిక్కటి ఆయిలుంది, ప్రేమగా ఊరికే ఇస్తాను!