సెమీఫైనల్ నాడు నడుము పట్టింది

నవ్వితె నవ్వుండ్రి గని, నా బాధ నాది. సత్తుపల్లి ఓపెన్‌కాస్టుల బొగ్గు మోసే డంపర్ నడిపేటోనికి వారానికొక్క సెలవు. ఆ సెలవు నాడే మనకూ నేపాల్‌కూ ఫుట్‌బాల్ సెమీఫైనల్ పడ్డది. మన చుట్టుపక్కల దేశాలన్నీ కలిసి ఆడుకునే కప్పు అది. అదే నాడు వేంసూర్ల మా బావ సారంగపాణి బిడ్డకు ఓణీల ఫంక్షన్ గూడ పడ్డది.

బావ అంటె మా ఇంటామె శోభారాణికి సొంత అన్న. ఊర్ల ఆయన్ని మైకు సారంగపాణి అంటరు. కరెంటు పోయినా ఆగని మైకు.

ముందుగాల శోభను జర కదిలించి చూసిన. ఇండియా మ్యాచ్ ఉన్నదట అన్న. ఆమె బట్టలు మడతవెట్టుకుంట, "ఇండియా ఫుట్‌బాల్ గూడ ఆడుతదా?" అన్నది. ఇగ నేను ఇంకో ఉపాయం ఎతుక్కున్న.

ఫంక్షన్ నాడు పొద్దున మంచం దిగుకుంట నడుము పట్టుకుని ఒంగిన. ఒంగినోన్ని ఒంగినట్టే ఉన్న. శోభకు కోపం రాలె, జాలీ రాలె. డ్యూటీ దిగొచ్చిన మనిషిని చూసినట్టు నన్ను చూసి, పండుకోమన్నది. అరిసెల డబ్బా ఒక చేత, చీరెల సంచి ఒక చేత పట్టుకుని ఒక్కతే బస్సెక్కింది.

గింత అల్కగ పనైతదనుకోలె. మధ్యాహ్నం దాటినంక చాయ్ పెట్టుకున్న, మిక్చర్ పొట్లం ఇప్పిన, టీవీ పెట్టి కాళ్లు చాపుకున్న. అప్పుడు తలుపు చప్పుడైంది.

మా సారక్క. నాకు సొంత అక్క. అశ్వారావుపేట అవతల అడివి అంచున ఉంటది. తమ్మునికి నడుము పట్టిందని శోభ ఫోన్ చేసిందట. సంచెడు వావిలాకు, ఉప్పు మూట పట్టుకుని వచ్చింది. నన్ను మంచం మీద బోర్లా పండవెట్టి కాపడం మొదలువెట్టింది. టీవీ నా కాళ్ల దిక్కున్నది. మంచం తిప్పుదామన్న. తూర్పుకు తల లేకపోతె నొప్పి తగ్గదన్నది.

మ్యాచ్ మొదలైంది. నాకు కనవడేది మంచం నవారొక్కటే. ఏమైతుందో చెప్పుమని అక్కను బతిమిలాడిన.

"ఎర్రంగీ ఓడు పడ్డడు," అన్నది. మూట ఇంకో దిక్కు అద్ది, "నీలం అంగీ ఓడు గూడ పడ్డడు. అందరు పడుతుండ్రు రా, తమ్మీ వీరేందరూ. ఒక్కనికీ నడుము పట్టలె."

మెల్లగ తల తిప్పిన. మెడ గూడ పట్టిందనుకుని మెడకో మూట పెట్టింది. ఉప్పు చల్లారదు, అక్క అలసిపోదు. నేనే కాలిపోయిన.

ఆఖరికి టీవీల జనం ఒక్కపాలి ఒర్లిండ్రు. గోల వినవడ్డది గని గోల్ కనవడలె. ఎవరు కొట్టిండ్రో గూడ చూడకుండ మంచం మీదికెల్లి దునికి, చేతులు లేపి ఇల్లంత ఉరికిన.

తిరిగి చూస్తె అక్క చేతుల ఫోన్. తమ్ముడు ఎట్లున్నడో చూపియ్యమని శోభ అప్పుడే వీడియో కాల్ చేసిందట. ఫోన్ల శోభ, శోభ ఎనక బావ, బావ ఎనక సగం వేంసూరు. అక్క సిగ్గుతోటి టీవీ బంద్ చేసింది.

బావ గూడ నోరు ముయ్యంగ నేను చూసుడు అదే మొదలు.

"తగ్గినట్టుంది గద," అన్నది శోభ. "బండేసుకుని జల్ది రా. కుర్చీలు సదిరెటోల్లు లేరు."

పోయిన. అక్కడ హాల్ల పెద్ద టీవీ పెట్టుకుని, మొగోళ్లంత అదే మ్యాచ్ చూసుకుంట తిన్నరట. నేను కుర్చీలు మోస్తుంటె బావ నా ఎనకనే తిరుగుకుంట ఆట మొత్తం చెప్పుకొచ్చిండు. మొదటి నిమిషం కెల్లి మొదలువెట్టిండు. కుర్చీలు సగమైనయి గని గోల్ దాక రాలె.

శోభ ఒక పళ్లెంల చల్లారిన బగారన్నం తెచ్చి నా చేతికిచ్చి, నా పక్కన కూలవడ్డది. పొద్దటి నుంచి నిలవడి కాళ్లు వాసినయి.

"మ్యాచ్ చూడాలెనని ఉందని ఒక్క మాట చెప్తె, అన్నకు చెప్పి ముందట కుర్చీ ఏపిచ్చేదాన్ని," అన్నది. "మీ ఆయనేడి అని అందరు అడుగుడే. నడుము నొప్పి, నడుము నొప్పి అని చెప్పి నాకు నోరు నొచ్చింది."

బుక్క మింగి, మనోల్లు గెలిచిండ్రా అని మెల్లగ అడిగిన.

శోభ కండ్లు మూసుకునే, "ఆ మూలకున్నయి గూడ సదిరి రా, చెప్త," అన్నది.