ప్రెయిరీ పార్టీ వారి ఆమోదముద్ర

ప్రజాస్వామ్యంలో ప్రజల ప్రమేయం ఎంతవరకు ఉండాలో మా మిన్నెసోటాలో ప్రెయిరీ పార్టీ ఎప్పుడో తేల్చేసింది. శాసనసభకు పోటీ చేయదలచినవారు ముందు పార్టీ ప్రతినిధులలో అరవై శాతం మంది ఆమోదం పొందాలి. (ఓటర్ల సంగతి తర్వాత చూసుకుంటారు. చూసుకోకపోయినా నియమోల్లంఘన కాదు.)

ఈసారి స్కూలు బస్సు నడిపే మార్లిస్ ఎంగెన్ బరిలోకి దిగింది. మా ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూసేస్తారట. రేపు కూతురికి నెలలు నిండితే మంచులో పక్క జిల్లాకు తీసుకుపోవాలా అని ఆమె కడుపుమంట. పార్టీలో ఆమెకు పోటీ బీమా ఏజెంటు క్రెయిగ్ బావర్.

హైస్కూలు జిమ్‌లో సభ. ఎన్నిసార్లు ఓటింగు జరిపినా ఎవరికీ అరవై శాతం రాలేదు. మరుగుదొడ్డిలో ఉన్న ప్రతినిధి సభలో ఉన్నట్టా, లేనట్టా అన్న చర్చకే మధ్యాహ్నం గడిచిపోయింది. (భవనంలో ఉన్నట్టేనని అధ్యక్షుడు లైల్ నార్డ్‌బీ తీర్పు.) సాయంత్రం క్రెయిగ్ మనుషులు చేపల వేటకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం మార్లిస్‌ను ఘనంగా ఆమోదించాం.

ఇక ఓటర్లను కదిలించాలి. అందుకు రాజధాని నుంచి విట్నీ అనే కార్యకర్త వచ్చి, మొట్టమొదట మార్లిస్ తలుపే తట్టింది.

"ప్రెయిరీ పార్టీ నుంచండీ. మార్లిస్ ఎంగెన్‌కు ఓటేస్తారా?"

"నేనే మార్లిస్‌ని, తల్లీ."

"చాలా సంతోషమండీ. మరి ఆమెకు ఓటేస్తారా?"

"వేయక చస్తానా! ఆ మిల్లు వీధికి వెళ్లవమ్మా. అక్కడోళ్లు ఇంకా ఎటూ తేల్చుకోలేదు."

"అలాంటోళ్ల జోలికి పోవద్దన్నారండీ. ఖాయంగా మనకేసేవాళ్లనే కదిలించమన్నారు."

మిల్లు వీధికి మార్లిస్ ఒక్కతే వెళ్లింది. రోజూ పిల్లలను దింపేశాక, డ్రైవరు కోటు విప్పకుండానే, గడప గడపా తిరిగింది. కొందరు కాఫీ ఇచ్చారు. కొందరు కుక్కను వదిలారు. నవంబరులో అవతలి పార్టీ చేతిలో కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. క్రిస్మస్ రాకముందే వార్డుకు తాళం పడింది.

పార్టీ సమీక్షా సమావేశం జరిపింది. మనకు ఖాయమైన ఓటర్లంతా ఖాయంగా ఓటేశారనీ, కాబట్టి విధానంలో లోపమేమీ లేదనీ లైల్ ప్రకటించాడు.

వెనక వరుసలోంచి మార్లిస్ లేచింది. "అది సరే లైల్, రేపు నా కూతురికి నొప్పులొస్తే ఎక్కడికి తీసుకుపోను?"

లైల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అతనికి నిజంగానే బాధ కలిగింది.

"అడగాల్సిన మాటే, మార్లిస్. కానీ అది గెలిచినోళ్లని అడగాలి."

అతను చెప్పింది నియమావళి ప్రకారం సరైనదే కావడంతో మేమంతా చప్పట్లు కొట్టాం.