ఫ్రిజ్ వెనక పచ్చపొడి

ఐడాబెల్ వదిన ఇంట్లో మూడు రోజులు గడపడం కన్నా అరిజోనా ఎడారిలో మూడు రోజులు నీళ్లు లేకుండా ఉండటమే మేలని వెండెల్ నమ్మకం. ఆవిడకు తొమ్మిది పిల్లులు. ఆవిడ వండిన కూర అవి కూడా ముట్టవు.

అందుకే బయలుదేరాల్సిన రోజు పొద్దున్నే, తాము కాపురముండే చక్రాల ఇల్లు, ఆ ట్రైలర్‌లోని ఫ్రిజ్ చచ్చిపోయిందని ప్రకటించాడు.

"రాత్రి ఐస్‌క్రీం రాయిలా ఉంది. చెంచా వంగిపోయేలా తవ్వుకు తిన్నావు," అంది భార్య వెర్నా, మాసిన బట్టలు మూట కడుతూ.

"అదే దాని ఆఖరి శ్వాస. వెనక కూలింగ్ యూనిట్ కారిపోతోంది. బాగుచేయించకుండా ఎక్కడికీ కదల్లేం."

"పోయింది ఫ్రిజ్ చల్లదనం కదా, నీ మొహం అంత చల్లగా ఉందేం?"

"బాధ దిగమింగుకుంటున్నాను."

విరిగాయో లేదో తెలియని పాలను చూసినట్టు అతన్ని చూసి, ఆమె బట్టలు ఉతకడానికి వెళ్లింది.

ఆ చూపు వెండెల్‌కు నచ్చలేదు. రుజువు కావాలి. ఆ యూనిట్ గొట్టం చిల్లుపడి లోపలి మందు కారితే పసుపుపచ్చటి పొడి పేరుకుంటుంది. ఇంట్లో ఉన్న పచ్చపొడి ఆవపిండే. ఫ్రిజ్ వెనక గొట్టాలకు దాన్ని దట్టంగా పట్టించాడు. సాక్ష్యానికి పక్క ట్రైలర్ ఓరిన్‌ను పిలిచాడు. ఓరిన్ నలభై ఏళ్లు ఫ్రిజ్‌లు బాగుచేసి, విశ్రాంతి తీసుకోలేక చిక్కిపోతున్న మనిషి.

"పోయిందని మా ఆవిడకు ఒక్క మాట చెప్పు, చాలు."

"మాట చెబితే చల్లబడుతుందా? తప్పుకో!"

వెండెల్ వద్దు వద్దంటుండగానే ఫ్రిజ్ బయట ఇసుకలో బోర్లా పడింది. ఓరిన్ గునపం దూర్చి ఒక్క పెరుకు పెరికాడు. యూనిట్ ఊడింది, గొట్టం విరిగింది. ఈసారి నిజంగానే ఘాటు వాసన గుప్పుమంది. చుట్టుపక్కల వాళ్లంతా ముక్కులు మూసుకుని చేరారు.

వెర్నా మూటతో వచ్చింది. వంగి, పచ్చపొడిని వేలికి రాసుకుని, మెల్లగా నోటి దగ్గరికి తీసుకెళ్లింది.

"అమ్మా, విషం! తుడిచెయ్!" ఓరిన్ కేకేశాడు.

జనం హాహాకారాలు చేశారు. వెండెల్ మాత్రం కదల్లేదు.

వెర్నా వేలు ఆపింది. "చూశారా? ముప్పై ఒక్కేళ్లుగా కాపురం చేస్తున్న పెళ్లాం విషం నాకబోతుంటే నిమ్మళంగా నిలబడ్డాడు. విషం కాదని ఈయనకెలా తెలుసు?"

వెండెల్ చేతికంటిన ఆవపిండిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"కొత్త యూనిట్ రావడానికి పది రోజులు," అన్నాడు ఓరిన్, తలదించుకుని.

"మంచిది. ఆ పది రోజులూ మా ఐడాబెల్ అక్కయ్య ఇంట్లోనే ఉంటాం." వెర్నా మూటను కారులో పడేసింది.

"పోనీ, ఫ్రిజ్ పనిచేయట్లేదని ఇప్పుడైనా నమ్ముతావా?" అన్నాడు వెండెల్ నీరసంగా.

"కళ్లారా చూశాక నమ్మకేం చేస్తాను? ఎక్కు."