రూపాయి బిళ్లంత బాధ

చిరుగు లేని చీరలో బాధ ఉండదు! మన చారిత్రక సినిమాలు కనిపెట్టిన గొప్ప సత్యమిది. కాదనేటోళ్లు ముందుకు రాండ్రి.

వెనకట ఏడుపు సీనంటే మనిషి ఏడవాలె. ఎంత కష్టం! ఇప్పుడా పరేషాన్ లేదు. ఊరందరికీ మట్టిరంగు బట్టలు తొడిగి, పెద్ద ఫ్యాను పెట్టి దుమ్ము లేపి, కెమెరాను క్రేన్ ఎక్కించి మెల్లగ దించితే చాలు, కరువు వచ్చేస్తది. పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం ఆరుకు పోతది! ఇంత క్రమశిక్షణ గల కరువును పాలమూరు ఎన్నడన్న చూసిందా?

రాజుల కాలంల రంగులే లేవని గూడ తెలిసొచ్చె. పసుపు, ఎరుపు, నెమలికంఠం అన్నీ కోట లోపల. బయటి జనానికి ఒక్కటే, చాయ్ రంగు. బట్టల్ని నిజంగనే డికాషన్‌ల ముంచుతరు మరి.

ఈ విద్య రాజోలి ఊరి లక్ష్మీదేవమ్మకు తెల్వదు. నలభై ఏండ్లుగా మగ్గం మీద గద్వాల చీరలు నేసి ఇచ్చింది. తన కోసం నేసుకున్నది ఒక్కటే. ఒళ్లంతా నూలు, అంచు పట్టు. రెండూ కలిసే కాడ ఏలు పెట్టి రాసినా అతుకు దొరకదు. పోయిన ఎండకాలం తుంగభద్ర ఇసుకల షూటింగైతే, సినిమావాళ్ల బట్టల పని చూసే విజయ్ ఆమె ఇంటికొచ్చిండు. "నేసేటామె వేషం నీదే. ఈ చీరే కట్టుకో. అంచు క్లోజప్‌ల వస్తది, రాష్ట్రమంతా చూస్తది" అన్నడు. ఆ ఒక్క మాటకే చీర అతని చేతుల పెట్టింది.

తెల్లారి తిరిగొచ్చేసరికి ఆ చీర డికాషన్‌ల మునిగి, గరుకు కాగితంతో రాపిడి తిని, పైట మీద రూపాయి బిళ్లంత చిల్లుతో ఉంది.

"ఏంది సారూ గిది?"

"ఎమోషనమ్మా! రాణి నిన్ను కావలించుకుంటది. ఆ చిల్లులకెళ్లి ఆమె కన్నీళ్లు చూపిస్తం."

చూసిండ్రా తెలివి! ఆకలి ఈమెది, కన్నీళ్లు రాణివి, నడుమ కిటికీ ఈమె పైట! ఇంతకూ రాణి కట్టింది మిషన్ మీద అచ్చుగుద్దిన నకిలీ గద్వాల చీర. లైట్లన్నీ దాని మీదనే.

సగం షాట్ తీసి అన్నాలకు వదిలిండ్రు. తెగిన పోగు కండ్లముందుంటే నేసేటోళ్ల చెయ్యి ఊకుంటదా? లక్ష్మీదేవమ్మ నడుము సంచిలోంచి సూది తీసి, కొంగు కొస నుంచి నాలుగు పోగులు లాగి, ఒక్కొక్కటే అల్లుకుంట కూసుంది. అన్నం గూడ తినలే.

"చిల్లేది?" కెమెరాల చూసిన డైరెక్టర్ అరిచిండు.

"అతికిన సారూ" అంది, మెచ్చుకుంటడేమోనని.

"నా ఎమోషనంతా అండ్లనే ఉండె గదమ్మా!"

విజయ్ కత్తెర పట్టుకొచ్చిండు. ఆమె కొంగు తీసి నడుముల దోపింది. "మళ్ల కోసుడు లేదు. ఏడ్చేది రాణమ్మ గదా, ఆమె చీర కొయ్యుండ్రి."

రాణి చీరకు చిల్లా! చరిత్ర ఏమైపోవాలె? లక్ష్మీదేవమ్మను ఇంటికి పంపి, ఇంకొకామెకు గోనెపట్ట చుట్టి, దానికి చిల్లు పెట్టి, మొదటికెళ్లి మళ్ల తీసిండ్రు. న్యాయమే. గోనె అయితే ఎదురు మాట్లాడదు.

సినిమా గద్వాలకొచ్చింది. కోడలు యమున తోల్కపోతే, ఎంత ఉతికినా చాయ్ రంగు వదలని ఆ చీరే కట్టుకొని పోయింది లక్ష్మీదేవమ్మ. తెర మీద మొదలే 'ఈ చిత్రం చేనేతకు అంకితం' అని పడ్డది. రెండున్నర గంటలల్ల ఒక్క మగ్గం కనబడలే, ఒక్క అంచు కనబడలే. చిల్లు మాత్రం తెరంత అయింది. అండ్లకెళ్లి రాణి ఏడుస్తుంటే హాలంతా ముక్కులు చీదుతున్నరు.

"అందరు ఏడుస్తుండ్రు. నీకు ఏడుపొస్తలేదా అత్తా?" యమున గుసగుసలాడింది.

"తర్వాత ఏడుస్త గని బిడ్డా, జర లైటెయ్యమను" అంది లక్ష్మీదేవమ్మ, నడుము సంచిల చెయ్యి పెట్టి. "సూది నా తాననే ఉంది."